ఉప్పు నీళ్ళ స్విమ్మింగ్ పూల్ పచ్చబడకుండా చూసుకోవడం ఎలా? తిరుపతి ఎండకీ బోరు నీళ్ళకీ సరిపడే పద్ధతి

"ఉప్పు పూల్ కట్టించుకుంటే క్లోరిన్ గొడవ ఉండదన్నారు. మరి ఏప్రిల్ రాగానే నీళ్ళు పచ్చగా ఎందుకైపోతున్నాయి?" చంద్రగిరి వైపు ఫామ్‌హౌస్‌ల వాళ్ళు, అలిపిరి దగ్గర హోమ్‌స్టేలు నడిపేవాళ్ళు, రేణిగుంట రోడ్డు విల్లాల వాళ్ళు అందరూ అడిగేది ఇదే. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా ఒకటే: "ఇంకో బస్తా ఉప్పు వేయమంటారా?"

వేయకండి. పూల్‌లో ఉండే ఉప్పు పాచిని చంపదు. ఉప్పు పూల్ కూడా క్లోరిన్ పూలే. నీళ్ళు క్లోరినేటర్ సెల్ గుండా వెళ్ళేటప్పుడు కరెంటు ఆ ఉప్పులోంచి క్లోరిన్ తయారుచేస్తుంది. ఆ క్లోరిన్ తన పని చేశాక తిరిగి ఉప్పుగానే మారుతుంది. పచ్చబడిందంటే తయారయ్యే క్లోరిన్ కంటే ఎండా, చెత్తా, మనుషులూ తినేసేది ఎక్కువైందని అర్థం. అందుకే మీరు రోజూ చూడాల్సింది క్లోరిన్, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె). ఉప్పు సంగతి నెలకోసారి చూసుకుంటే చాలు.

కింద లెక్కలన్నీ 50,000 లీటర్ల పూల్‌కి. మీది 25,000 అయితే సగం వేయండి, లక్ష అయితే రెట్టింపు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- చుక్కల టెస్ట్ కిట్. ఫ్రీ క్లోరిన్ (ఇంకా పనికొచ్చే క్లోరిన్), పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం), కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్ళలోని సున్నం), స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ పోకుండా కాపాడే సైన్యూరిక్ యాసిడ్) అయిదూ కొలిచేది. చుక్క వేస్తే నీళ్ళు పసుపు రంగుకి తిరిగే చవక కిట్ మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, అందులో పనికొచ్చేది ఎంతో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తీసుకోండి.
- ఉప్పు కొలిచే స్ట్రిప్స్ లేదా మీటర్. ఆర్‌వో మెకానిక్ దగ్గరుండే టీడీఎస్ పెన్ను నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది. మన బోరు నీళ్ళకి ఆ అంకెనే ఉప్పు అనుకుంటే లెక్క తప్పుతుంది.
- హైడ్రోక్లోరిక్ యాసిడ్, 30 శాతం పైన ఉన్నది, నీళ్ళలా రంగు లేకుండా ఉండాలి. టైల్స్ కడగడానికి అమ్మే పసుప్పచ్చటి యాసిడ్‌లో ఇనుము ఉండొచ్చు, పూల్‌లో మరకలు పడతాయి.
- వంట సోడా, స్టెబిలైజర్, లిక్విడ్ క్లోరిన్ (సోడియం హైపోక్లోరైట్).
- గోడలు రుద్దే నైలాన్ బ్రష్, ఆకులు తీసే వల, గ్లౌజులు, కళ్ళద్దాలు.

యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టొద్దు. ఒకే మగ్గుతో కొలవొద్దు. రెండూ కలిస్తే వచ్చే విషవాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ట్యాబ్లెట్ క్లోరిన్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ కూడా కలపకూడదు, మంటలు లేవచ్చు, పేలనూ వచ్చు. పంపు రూము చూసుకునే కుర్రాడికి మిగతావన్నీ తర్వాత నేర్పినా ఫరవాలేదు, ముందు ఇది నేర్పండి.

1. నీళ్ళెన్నో లెక్క కట్టండి

పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణించి 1,000తో హెచ్చవేయండి. 8 మీటర్ల పొడవు, 4.5 వెడల్పు, 1.4 లోతు అంటే సుమారు 50,000 లీటర్లు. సగటు లోతు అంటే రెండు చివర్ల లోతులు కలిపి సగం చేసినది, లోతైన చోటి కొలత కాదు. కాంట్రాక్టర్ నోటి లెక్కను నమ్మి మోతాదు వేసేవాళ్ళు చాలామంది, మీరు టేపు పెట్టి కొలవండి.

ఒక సులువైన గుర్తు: పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు. 50,000 లీటర్లలో 1 పీపీఎం అంటే 50 గ్రాములు.

2. నీళ్ళు పరీక్షించండి

మోచేయి లోతు నుంచి, రిటర్న్ (ఫిల్టర్ నుంచి పూల్‌లోకి తిరిగొచ్చే) నీళ్ళు పడే చోటికి దూరంగా నమూనా తీసుకోండి. ఉండాల్సిన అంకెలు ఇవి:

- ఫ్రీ క్లోరిన్ 3 నుంచి 5 పీపీఎం
- పీహెచ్ 7.4 నుంచి 7.6 (7.8 దాటనీయొద్దు)
- ఆల్కలినిటీ 60 నుంచి 80
- కాల్షియం హార్డ్‌నెస్ 200 నుంచి 400
- స్టెబిలైజర్ 60 దగ్గర
- ఉప్పు 3,000 నుంచి 3,500. మీ క్లోరినేటర్ మెషీన్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడే చోటు ఒకటుంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైపోతుంది. అది చూసి "అయ్యో, క్లోరిన్ సున్నా" అని ఇంకా పోసేస్తారు. అనుమానం వస్తే పూల్ నీళ్ళకి సమానంగా మంచినీళ్ళు కలిపి మళ్ళీ పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. అలాగే క్లోరిన్ చాలా ఎక్కువగా ఉన్నప్పుడు పీహెచ్ చుక్కలు ఊదా రంగుకి తిరుగుతాయి. అది నిజమైన పీహెచ్ కాదు, క్లోరిన్ దిగాక చూడండి.

చుక్కల సీసాలను పంపు రూములో పెట్టకండి. మే నెలలో ఆ రేకుల కింద వేడికి నెల తిరక్కుండానే పాడవుతాయి. ఇంట్లో చల్లటి చోట ఉంచండి.

3. పీహెచ్ దించండి

ఉప్పు పూల్‌లో పీహెచ్ పైకే పోతూ ఉంటుంది. సెల్‌లో పుట్టే బుడగలతో పాటు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. అందం కోసం పెట్టిన వాటర్‌ఫాల్ రోజంతా తిప్పితే ఇంకా త్వరగా పెరుగుతుంది. సాయంత్రం గంటసేపు తిప్పుకోండి, చాలు.

పీహెచ్ 8కి చేరితే రెండు నష్టాలు. ఉన్న క్లోరిన్ మందగిస్తుంది, సెల్ ప్లేట్ల మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది. సున్నం పేరుకుంటే క్లోరిన్ తయారీ పడిపోతుంది. మన దగ్గర పూల్స్ పచ్చబడటం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

పీహెచ్ 7.8 ఉంటే 300 మిల్లీలీటర్ల యాసిడ్‌తో మొదలుపెట్టండి. బకెట్‌లో ముందు నీళ్ళు పోసి, అందులో యాసిడ్ కలపండి. యాసిడ్ మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుంది. పంపు తిరుగుతుండగా, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, రిటర్న్ ముందు సన్నటి ధారగా పోయండి. గంట ఆగి కొలిచి, తగ్గకపోతే ఇంకో 150 మిల్లీలీటర్లు. ఒకేసారి లీటరు కుమ్మరిస్తే ఆల్కలినిటీ ఓ 10 పీపీఎం తగ్గిపోతుంది, పీహెచ్ ఎక్కడికి జారుతుందో చెప్పలేం.

ఆల్కలినిటీ 60 కంటే తక్కువుంటే 840 గ్రాముల వంట సోడా 10 పీపీఎం పెంచుతుంది. కిరాణా కొట్టులో దొరికేదే పనికొస్తుంది. చాకిరేవు సోడా వేయొద్దు, అది పీహెచ్‌ని ఎగదోస్తుంది. మనకి దానితో అవసరమే రాదు.

4. స్టెబిలైజర్ వేయండి

ఎర్రటి ఎండలో స్టెబిలైజర్ లేని క్లోరిన్ గంట లోపే సగం పోతుంది. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో ఇది లేకుండా ఏ మెషీనూ నెట్టుకురాలేదు. 30 పీపీఎం పెరగాలంటే కిలోన్నర కావాలి. పాత సాక్సులో పోసి మూతి కట్టి రిటర్న్ ముందు వేలాడదీయండి, అప్పుడప్పుడూ పిసకండి. కరగడానికి రోజులు పడుతుంది, కిట్‌లో పూర్తిగా కనిపించడానికి వారం. రెండో రోజే కొలిచి "ఇంకా తక్కువుంది" అని మళ్ళీ వేస్తే తర్వాత తీయడం మీ తరం కాదు.

తేలే డబ్బాలో ట్యాబ్లెట్లు వేసి వదిలేసే అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. ఆ ట్యాబ్లెట్లలో స్టెబిలైజర్ కూడా ఉంటుంది. ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కి 6 పీపీఎం స్టెబిలైజర్ చేరుతుంది. ఒక సీజన్‌లో 120, 150కి పోతుంది. అప్పుడు క్లోరిన్ 4 ఉన్నా పాచి పెరుగుతూనే ఉంటుంది. నీళ్ళు కొంత తీసి కొత్తవి నింపడం తప్ప దానికి మందు లేదు. శ్రీవారి పుష్కరిణికైతే ఏటా బ్రహ్మోత్సవాల ముందు నెల్లాళ్ళు మూసి నీళ్ళు తీసి శుభ్రం చేస్తారు. ట్యాంకర్ నీళ్ళతో నెట్టుకొచ్చే మనకి అది కుదిరే పని కాదు.

5. ఉప్పు వేయండి (కొలిచాకే)

బోరు నీళ్ళలో ముందే కొంత ఉప్పు ఉంటుంది. స్ట్రిప్ మీద 500 చూపిస్తే, 3,200కి చేరడానికి కావాల్సింది 2,700 పీపీఎం, అంటే 135 కిలోలు. ముందు 110 కిలోలు వేసి, ఒక రోజు పంపు తిప్పి, మళ్ళీ కొలిచి మిగిలింది వేయండి. ఎక్కువైతే నీళ్ళు పారబోయడం తప్ప దారి లేదు.

అయోడిన్ కలపని, శుద్ధి చేసిన సన్న ఉప్పు కొనండి. తీరం నుంచి వచ్చే ముడి కల్లుప్పు చవకే కానీ, దాంతో మట్టి, మెగ్నీషియం కూడా వస్తాయి. ఉప్పు వేసేటప్పుడు క్లోరినేటర్ ఆపి, పంపు మాత్రం నడపండి. అడుగున కుప్ప పడినది బ్రష్‌తో చెదరగొట్టండి. పూర్తిగా కరిగాక, మర్నాడు మెషీన్ ఆన్ చేయండి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఎండకి నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు. బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌లోకి నీళ్ళు ఎదురు తిప్పి మురికి బయటికి కడిగేయడం), లీకేజీ, పిల్లలు చిమ్మడం, వానకి పొంగిపోవడం, వీటితోనే పోతుంది. రోజుకి అర సెంటీమీటరు నీళ్ళు ఆవిరైతే, పైన చెప్పిన కొలతల పూల్‌లో నెలకి 5,400 లీటర్లు తిరిగి నింపాలి. మీ బోరు కాల్షియం హార్డ్‌నెస్ 400 ఉంటే ఆ నీళ్ళతో నెలకి 40 పీపీఎం పైనే హార్డ్‌నెస్ కొత్తగా చేరుతుంది. అంటే వేసవి పొడుగునా ఉప్పు ఉన్నంతే ఉంటుంది, సున్నం మాత్రం పెరుగుతుంది. కుదిరితే వాన నీళ్ళో, కుళాయి నీళ్ళో కొంత కలిపి నింపండి. కుదరకపోతే పీహెచ్‌ని 7.4 దగ్గరే పట్టి ఉంచండి.

6. సెల్ ఎన్ని గంటలు నడపాలో తేల్చండి

మెషీన్ మీద గంటకి ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. గంటకి 20 గ్రాముల సెల్‌ని 80 శాతం మీద 10 గంటలు నడిపితే 160 గ్రాములు, అంటే 3.2 పీపీఎం. మే నెలలో ఒక్క రోజు ఎండకే అంత పోవచ్చు. అంకె ఊహించకండి. ఇలా చేయండి: వరసగా నాలుగు సాయంత్రాలు ఒకే వేళకి క్లోరిన్ కొలవండి. తగ్గుతుంటే 10 శాతం పెంచండి, 5 దాటి పోతుంటే తగ్గించండి. వేసవిలో 10, 12 గంటలు, డిసెంబరులో 6 గంటలు నడవడం మామూలే.

కరెంటు పోయినప్పుడల్లా ముల్లు తిరిగే టైమర్ వెనకబడుతుంది. పగలు నడుస్తోందని మీరనుకునే పంపు అర్ధరాత్రి నడుస్తుంటుంది. వారానికోసారి టైమర్‌ని మీ ఫోన్ టైముతో సరిపోల్చండి. "మెషీన్ చెడిపోయింది" అని పిలిస్తే వెళ్ళి చూసిన వాటిలో కొన్ని ఈ బాపతే.

7. వారం వారం

బ్రష్ చేయండి. పాచి మొదట కనిపించదు, వేలికి జారుతుంది. నిచ్చెన మెట్టు అడుగున, లైటు వెనక, మూల మెట్ల పక్కన వేలితో రుద్ది చూడండి. అక్కడ జిగట తగిలితే పచ్చదనం రెండు మూడు రోజుల దూరంలో ఉందన్నమాట. ఆ మూలల్లోకి రిటర్న్ నీళ్ళు అందడం లేదేమో చూసి, నోజిల్ అటు తిప్పండి.

ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్, ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి అంకె కంటే పావు వంతు పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి. ఊరికే రోజూ చేస్తే నీళ్ళూ ఉప్పూ దండగ.

హోమ్‌స్టే వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. కొండ దిగి వచ్చిన కుటుంబాలు గుండ్ల మీద చందనంతో, తలకి కొబ్బరి నూనెతో నేరుగా పూల్‌లోకి దిగుతారు. సాయంత్రానికి టైల్స్ అంచున పసుప్పచ్చటి జిడ్డు గీత కట్టి ఉంటుంది. ఆ జిడ్డునంతా కాల్చడానికి మీ క్లోరిన్ ఖర్చవుతుంది. కొత్త కెమికల్ కొనే ముందు పూల్ పక్కన షవర్ పెట్టి, "స్నానం చేసి దిగండి" అని తెలుగులో, తమిళంలో, కన్నడలో బోర్డు రాయించండి. శని, ఆదివారాలు రద్దీ ఉంటే రాత్రికి అర లీటరు నుంచి లీటరు లిక్విడ్ క్లోరిన్ అదనంగా పోయండి. 10 శాతం ఉన్నదైతే అర లీటరుకి 1 పీపీఎం.

నెలకోసారి సెల్ విప్పి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. ప్లేట్ల మధ్య తెల్లటి పొర ఉంటేనే కడగాలి. పది పాళ్ళ నీళ్ళలో ఒక పాలు యాసిడ్ కలిపి, పది పదిహేను నిమిషాలు, బుడగలు ఆగేదాకా ఉంచి తీసేయండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే ప్లేట్ల పూత పోతుంది, కొత్త సెల్ కొనాల్సి వస్తుంది. శుభ్రంగా ఉన్నదాన్ని ఊరికే యాసిడ్‌లో ముంచినా ఆయుష్షు తగ్గుతుంది.

8. ఇప్పటికే పచ్చబడితే

సెల్‌ని సూపర్ క్లోరినేట్ (పూర్తి బలంతో నడిపే బటన్) మీద పెట్టి కూర్చుంటే తేలదు. అది నెమ్మదిగా చేసేలోపు పాచి తినేస్తుంది. చేతితో పోయాల్సిందే.

ముందు ఆకులూ చెత్తా తీసేయండి. పీహెచ్ 7.2కి దించండి. తర్వాత స్టెబిలైజర్ అంకెలో 40 శాతానికి క్లోరిన్ పెంచండి. స్టెబిలైజర్ 60 ఉంటే లక్ష్యం 24 పీపీఎం, అంటే 10 శాతం లిక్విడ్ క్లోరిన్ 12 లీటర్లు. పొద్దు వాలాక పోయండి. లిక్విడ్ క్లోరిన్ ఎండలో పడి ఉంటే బలం పోతుంది, కాబట్టి తాజాగా వచ్చిన క్యాన్ అడగండి. షాపు బయట వరండాలో వారాల తరబడి ఉన్నది వద్దు.

గోడలు, మెట్లు, అడుగు అంతా రుద్దండి. రుద్దకపోతే పై పొర చచ్చి లోపలిది బతికిపోతుంది. పంపు రాత్రింబవళ్ళు నడపండి. పూటకోసారి క్లోరిన్ కొలిచి, తగ్గినంత మళ్ళీ పోయండి. జనం విడిచిపెట్టేది ఇక్కడే. మొదటి రోజు పోసి, మర్నాడు కాస్త తేటపడగానే ఆపేస్తారు, నాలుగో రోజుకి మళ్ళీ పచ్చదనం. ఆకుపచ్చ పోయి బూడిద రంగు మసక వచ్చిందంటే పాచి చస్తోందని. ఆ మసకని తీయాల్సింది ఫిల్టరే, బ్యాక్‌వాష్ చేస్తూ ఉండండి. తొందరైతే పటిక వేసి అడుక్కి దించొచ్చు. అప్పుడు మాత్రం వాక్యూమ్‌ని వేస్ట్ లైన్‌కి (ఫిల్టర్‌లోకి పోకుండా నేరుగా బయటికి పోయే గొట్టానికి) పెట్టాలి, లేకపోతే ఇసుక ఫిల్టర్ గడ్డకడుతుంది.

అడుగు స్పష్టంగా కనిపించి, క్లోరిన్ 5కి దిగేదాకా ఎవరినీ దింపకండి.

మైలుతుత్తం వేస్తే పోతుంది కదా అంటారు. పాచి పోతుంది, నిజమే. రాగి మాత్రం నీళ్ళలోనే ఉండిపోతుంది, గోడలకి మరకలు పడతాయి, లేత రంగు జుట్టు పచ్చబడుతుంది. బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు. మన నీళ్ళలో ఉన్న సున్నం చాలదా? ఇక ఫాస్ఫేట్ రిమూవర్ అంటారా, క్లోరిన్ సరిగ్గా నిలిచే పూల్‌కి దాని అవసరం పడదు, డబ్బు మిగుల్చుకోండి.

పాచి నిజంగా పోయిందో లేదో ఇలా తేల్చుకోండి

కంటికి తేటగా కనపడితే సరిపోదు. పొద్దు కుంకాక సెల్ ఆపి, పంపు తిప్పుతూ క్లోరిన్ కొలవండి. తెల్లారి ఎండ తగలకముందే మళ్ళీ కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి తగ్గినదంతా పాచో, మురికో తిన్నదే. తేడా 1 పీపీఎం లోపుంటే పని అయినట్టు. అంతకంటే ఎక్కువైతే లైటు డబ్బా వెనకా, స్కిమ్మర్ (పైన తేలే చెత్తని లాగే గోడలోని డబ్బా) లోపలా వెతకండి, అక్కడ దాక్కుని ఉంటుంది.

ఈ పరీక్ష ఇంకో పనికీ వస్తుంది. రాత్రి క్లోరిన్ తగ్గడం లేదు, పగలు మాత్రం నిలవడం లేదు అంటే పాచి కాదు. స్టెబిలైజర్ తక్కువైనా అయి ఉండాలి, సెల్ అరిగిపోయైనా ఉండాలి. సెల్ సంగతి తెలియాలంటే అది నడుస్తుండగా రిటర్న్ మూతి దగ్గరి నీళ్ళనీ, పూల్ మధ్య నీళ్ళనీ విడివిడిగా కొలవండి. రిటర్న్ దగ్గర ఏ మాత్రం ఎక్కువ లేదంటే సెల్ పని చేయట్లేదు. మామూలు వాడకంలో సెల్ మూడు నుంచి అయిదేళ్ళు వస్తుంది.

నీళ్ళు తీయాల్సి వస్తే, వానలు పడితే

స్టెబిలైజర్ 120 ఉంటే సగం నీళ్ళు తీసి నింపితే 60కి వస్తుంది. ఉప్పు కూడా సగమే మిగులుతుంది, కొలిచి వేయండి. తీసిన నీళ్ళని మామిడి చెట్ల పాదుల్లోకి, కొబ్బరి మొక్కలకి వదలకండి. 3,000 పీపీఎం ఉప్పుకి నేల పాడవుతుంది. బావిలోకి అసలే వద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పూల్ పూర్తిగా ఖాళీ చేయొద్దు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినలాంటి వానలప్పుడు భూమిలో నీళ్ళు పైకి ఉబికి ఖాళీ తొట్టిని కిందినుంచి ఎత్తేస్తాయి, టైల్స్ పగులుతాయి. వాయుగుండం వార్త వినగానే క్లోరిన్ 5కి తెచ్చి ఉంచండి. వాన వెలిశాక ఎర్రమట్టి నీళ్ళు చేరాయేమో చూసి, పంపు కొన్ని గంటలు తిప్పి, అప్పుడు ఉప్పు కొలవండి. వాన నీళ్ళు పైనే తేలుతుంటాయి, వెంటనే కొలిస్తే తప్పు అంకె వస్తుంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మెషీన్ "ఉప్పు తక్కువ" అని లైటు వెలిగిస్తే కంగారు పడకండి. నీళ్ళు చల్లబడితే కరెంటు తక్కువ ప్రవహిస్తుంది, మెషీన్ దాన్నే ఉప్పు తక్కువగా లెక్కేస్తుంది. మధ్యాహ్నం దాకా ఆగి స్ట్రిప్‌తో కొలవండి. అప్పటికీ తక్కువే చూపిస్తే, ఎంత తక్కువో అంతే వేయండి.